పదకొండు అకౌంట్లకు పైనుంచి ఒకే తాళం

మా లారీల కంపెనీలో కాగితాల గది నా చేతిలో ఉన్నన్నాళ్లూ నన్ను చాలామంది పొగిడారు. ఈరన్న దగ్గరికి పోతే ఫైలు చిటికెలో వస్తుందని, ఎవరినీ కిటికీ దగ్గర నిలబెట్టడని అనేవాళ్లు. అది నిజమే. ఆ మంచితనంతోనే ఒక మనిషి గుట్టును బజారులో పెట్టాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అది తెలుసుకుని రావాలని ఇది రాస్తున్నాను. నేనెలా పైకొచ్చానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో లేదు. నా తప్పు ఒకటి ఉంది. దాన్ని సరిదిద్దిన ఒక అమ్మాయి పనితనం ఉంది. ఎక్కువ భాగం ఆ పనితనం గురించే. కంపెనీ పేరు రాయను. మనుషుల పేర్లు కొన్ని మార్చాను.

గేటు నుంచి గదికి

నేను బడికి పోలేదు. మొదట మూటలు మోశాను, తర్వాత లారీల యార్డుకు గేటుమనిషినయ్యాను. ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా లారీ నంబర్లు బొమ్మల్లాగే గుర్తుపెట్టుకునేవాణ్ణి. మాది కన్నడం, తెలుగు కలిసిన సీమ. మొదట నేర్చుకున్నది కన్నడ అక్షరాలు, లారీల వెనక బోర్డుల మీద చూసి. తెలుగు అక్షరాలు తర్వాత వచ్చాయి. వాటికీ వీటికీ పోలిక ఉండబట్టి త్వరగానే వచ్చాయి. చదవడం వచ్చాక నాకు కాగితం మీద ఆశ పట్టింది. అది చూసి యజమాని తిమ్మారెడ్డిగారు నన్ను గేటు నుంచి తీసి కాగితాల గదిలో కూర్చోబెట్టారు. ఆయనది పాత సేద్యపు కుటుంబం. పొలం మీద వచ్చిన దాంతో మొదటి లారీ కొన్నారు.

ఆ గదిలో డ్రైవర్ల లైసెన్సులు, లారీల కాగితాలు, ఏటేటా చేయించే ఆరోగ్య పరీక్షల రిపోర్టులు ఉండేవి. డ్రైవర్లలో చాలామందికి చదువు రాదు. కిటికీ దగ్గరికి వచ్చి, "ఏమి రాసిండారో రోంత చదువప్పా" అనేవాళ్లు. చదివి చెప్పేవాణ్ణి. అక్షరం రాక ఇంకొకరి ముందు నిలబడడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను నిలబడినవాణ్ణి. అందుకే వాళ్లెవరూ నా కిటికీ దగ్గర నిలబడకూడదని పట్టుదల.

నేను అడిగి తెరిపించిన తలుపు

కొన్నాళ్లకు బీరువాల్లోని కాగితాలన్నీ స్కాన్ చేసి క్లౌడ్‌లో పెట్టారు. అంటే మన కాగితాలు మన గదిలో కాక ఎక్కడో పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి, మనం నెట్‌లో చూసుకుంటాం. అక్కడ కాగితాలు వేసే డబ్బాను బకెట్ అంటారు. మొదటిసారి ఆ మాట విని తిమ్మారెడ్డిగారు, "బకెట్లో కాగితాలేస్తే తడిసిపోవేంరా ఈరా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. మా ఇద్దరికీ తెలిసింది అంతే.

కాగితాలు ఎక్కించిన కాంట్రాక్టరు ప్రతి డ్రైవరుకూ ఒక పాస్‌వర్డు ఇచ్చాడు. ఒక్క వారంలో నా కిటికీ దగ్గర మళ్లీ వరుస కట్టారు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, మధ్యలో చుక్కలు. అవి కొట్టడం వాళ్లకు రాలేదు. ఒక పెద్దాయన తన పాస్‌వర్డును లారీ తలుపు లోపలి వైపు సుద్దతో రాయించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. కాంట్రాక్టరును పిలిచి అడిగాను.

"ఈ పాస్‌వర్డు పీడ తీసేయప్పా. లింకు నొక్కితే తెరుచుకోవాల. అంతే."

"అట్ల చేస్తే లింకు తెలిసినోళ్లందరూ చూడొచ్చు. మీకు సరేనా?"

"చూడనీలే. మా డ్రైవర్ల కాగితాలు దేశంలో ఎవనికి బేకు, ఎవనికి కావాల?"

ఈ మాట నేనే అన్నాను. తిమ్మారెడ్డిగారిని అడిగితే సరేనన్నారు. కాంట్రాక్టరు తలుపు తెరిచేసి పోయాడు. లారీ కాగితాల లింకును డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో వేశాం, ఎవరి సొంత ఫైలు లింకు వాళ్ల సెల్లుకు పంపాం. ఆరోజు నుంచి కిటికీ దగ్గర వరుస లేదు. నన్ను అందరూ పొగిడారు. ఆ పొగడ్తల గురించే మొదట రాశాను.

డ్రైవరుకు చదువు రాకపోతే పాస్‌వర్డు కాక ఇంకో దారి వెతకాలి. నేను వెతకలేదు, తలుపే పీకేయించాను. చదువురానివాడికి సాయం చేస్తున్నానన్న గర్వంలో, వాడికీ దాచుకోవలసినవి ఉంటాయన్నది మరిచాను. ఇంతకంటే నాకు సాకు లేదు.

నీకొక్కనికే తెలుసు

హొన్నూరప్పది కప్పగల్లు అనే పల్లె. దూరపు ట్రిప్పులకు పోయే డ్రైవరు. పెద్దగా మాట్లాడడు, బండిని మాత్రం కళ్లలో పెట్టుకుని చూసుకుంటాడు. ఒక ఏడాది ఆరోగ్య పరీక్షలో ఆయనకు టీబీ అని తేలింది. ఆ రిపోర్టు చదివి చెప్పింది నేనే. అదృష్టం కొద్దీ ఆ పూట గదిలో ఇంకెవరూ లేరు. ఆయన లేచి గది తలుపు దగ్గరికి వేశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఇది యార్డులో తెలిస్తే నాతో బండెక్కేటోడు ఉండడు ఈరన్నా. నీ నోరు దాటొద్దు."

"దాటదు" అన్నాను. దాటలేదు కూడా.

ఆయన నడుము నొప్పి అని చెప్పి సెలవు పెట్టి సర్కారు ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టాడు. కొన్ని వారాలకు డాక్టరు మళ్లీ పరీక్ష చేసి, ఇంక నీ వల్ల ఎవరికీ అంటదు, మందులు మాత్రం చివరిదాకా వాడు, పనికి పోవచ్చు అన్నాడట. వచ్చి మళ్లీ బండెక్కాడు. దూరపు ట్రిప్పుకు ఇద్దరు డ్రైవర్లు కావాలి. ఆయన జోడీ బసవరాజు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే క్యాబిన్‌లో తిని, పడుకుని తిరిగినవాళ్లు.

ఒకరోజు పొద్దున బసవరాజు తన బ్యాగు క్యాబిన్‌లోంచి దించేశాడు. ఎందుకని లోడింగ్ మేస్త్రీ అడిగితే సెల్లు తీసి చూపించాడు. హొన్నూరప్ప రిపోర్టు ఫోటో. ఎవరు మొదట పంపారో తెలియదు, అప్పటికే లారీ స్టాండంతా తిరిగింది. టీ కొట్టులో ఆయనకు గ్లాసు వేరుగా పెట్టారు. జోడీ లేకపోతే దూరపు ట్రిప్పు లేదు. యార్డులోనే బండి కడుగుతూ కూర్చోవలసి వచ్చింది.

ఆయన నా గదికి వచ్చాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"నీకొక్కనికే తెల్సు ఈరన్నా."

"మా అమ్మ మీద ఒట్టప్పా, నేను ఎవరికీ చెప్పలేదు."

"మరి కాగితం కాళ్లొచ్చి నడిచి పోయిందా?"

నిజంగా తెలియదు నాకు. ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత నన్ను చూసినా చూడనట్టే పోయేవాడు.

తెలిసింది రేవతి వచ్చాక. రేవతిది సిరుగుప్ప. వరి పొలాల మధ్య పుట్టి, ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో కొన్నాళ్లు పని చేసి ఇటే తిరిగి వచ్చింది. మా కంపెనీలో ఏ బ్రాంచికి ఆ బ్రాంచి సొంతంగా క్లౌడ్ అకౌంట్లు తెరుచుకుని కూర్చున్నాయి. హెడ్డాఫీసు, సిరుగుప్ప, కూరెకుప్ప, వర్క్‌షాపు, కాటా, ఇలా పదకొండు. వాటన్నిటినీ ఒకే కప్పు కిందికి తేవడానికి ఆమెను తీసుకున్నారు. వచ్చిన రెండోరోజు నా దగ్గర కూర్చుంది.

"పెద్దనాయనా, ఇది నా సొంత సెల్లు. కంపెనీది కాదు. పాస్‌వర్డు ఏమీ కొట్టలేదు. చూడండి."

డ్రైవర్ల ఫైళ్లన్నీ వరుసగా కనిపించాయి. మేము గ్రూపులో వేసిన లింకు చివర కొంచెం చెరిపితే మొత్తం జాబితా తెరుచుకుంటుందట. ఒక్కో పేరు, ఒక్కో రిపోర్టు. హొన్నూరప్పది కూడా.

"ఇట్ల ఎవరు తెరిచి పెట్టినారు?" అని అడిగింది.

"నేనేనమ్మా" అన్నాను.

ఆమె ముందు ఆ బకెట్‌ను మూసేసింది. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత అడిగింది: "ఎందుకట్ల అడగాల్సి వచ్చింది? అది చెప్పండి." తప్పు దొరికినప్పుడు ముందు తలుపు మూసి, తర్వాత కారణం అడిగే మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. నా పైన ఉన్నవాళ్లందరూ ముందు తిట్టేవాళ్లు. తిట్లు అయ్యేదాకా తలుపు తెరిచే ఉండేది.

ఆరోజే తిమ్మారెడ్డిగారి దగ్గరికి పోయి చెప్పాను, ఉద్యోగం తీసేసినా మాట్లాడను అని. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు.

"నువ్వు అడిగినావు. నేను సరే అన్నా. ఇద్దరమూ గాడిదలమే. గాడిదను తీసేయాలంటే నన్నూ తీసేయాల. పో, ఆ పాప ఏం చెప్తే అది చెయ్యి."

తర్వాత హొన్నూరప్ప దగ్గరికి పోయాను. బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. అక్కడే నిలబడి అంతా చెప్పాను. నోటితో నేను చెప్పలేదు, కానీ తలుపు తీయించింది నేనే అన్నాను. బండి కిందినుంచి గొంతు వచ్చింది.

"ఇప్పుడు మూసినారా?"

"మూసినాం."

"సెల్లుల్లో తిరుగుతాండేది?"

"అది... వెనక్కి రాదప్పా."

"అట్లయితే ఈడ నిలబడి ఏం చేస్తాండావు? పో."

పోయాను. పిల్లలూ, ఈ మాట గుర్తుంచుకోండి. ఒకసారి బయటికి పోయిన కాగితాన్ని ఏ తాళమూ వెనక్కి తేలేదు. తాళం ముందే పడాలి.

సిరుగుప్ప బస్సులో

రేవతి మిగిలిన అకౌంట్లను కూడా గుడ్డిగా మూసేస్తుందనుకున్నాను. మూయలేదు. ముందు ఏ అకౌంట్లో ఏ బకెట్ బయటికి తెరిచి ఉందో జాబితా తీసింది. ఆ జాబితా పట్టుకుని, "పదండి పెద్దనాయనా, ఒక్కో బ్రాంచికి పోయొద్దాం" అంది.

"కంప్యూటర్లో ఈడ్నుంచే కనపడతాండాయి కదమ్మా, పోయేదెందుకు?"

"తెరిచి ఉండేది కనపడతాది. యాల తెరిచినారో, ఎందుకు అవసరమైందో కనపడదు."

సిరుగుప్ప బస్సెక్కాం. అక్కడి బ్రాంచిలో తూకం చీటీల బకెట్ తెరిచి ఉంది. రేవతి గుమాస్తాను కూర్చోబెట్టి, ఈ చీటీలు ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు, చూడకపోతే ఏమవుతుంది అని అడిగింది. మిల్లువాళ్లు రోజూ పొద్దున ఆ లింకులోనే తమ బస్తాల చీటీలు చూసుకుని లారీలు దించుకుంటారట. ఆ తలుపు ఉన్నట్టుండి మూసి ఉంటే మిల్లుల ముందు లారీలు నిలబడిపోయేవి, డ్రైవర్లు ఎండలో మాడేవాళ్లు. ఆమె అది రాసుకుని, మిల్లులకు వేరే దారి ఏర్పాటు చేశాకే ఈ బ్రాంచి వంతు అంది.

ఒక్క తలుపు మూయడానికి ఇంత తిరుగుడా అని నాకు మొదట విసుగు పుట్టింది. తిరిగి వచ్చే బస్సులో ఆ మాటే అడిగేశాను. ఆమె నవ్వింది.

"మీరు తెరిపించింది దొంగలకోసమా?"

"కాదు."

"ఎవరూ దొంగలకోసం తెరవరు పెద్దనాయనా. ఎవరికో పని సులువు కావాలని తెరుస్తారు. ఆ పని జరగడానికి ఇంకో దారి చూపకుండా మూస్తే, పొద్దునకు మళ్లీ తెరుస్తారు."

నా జీవితంలో ఎందరో పెద్ద చదువులవాళ్లను చూశాను. పని ఎవరి కోసం జరుగుతోందో అడిగినవాళ్లు తక్కువ. నా వయసులో సగం కూడా లేని పిల్ల దగ్గర నేను అది నేర్చుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

కూరెకుప్పలో మంజునాథ అని బ్రాంచి మేనేజరు. తిమ్మారెడ్డిగారి బావమరిది. గనుల వైపు పని అంతా ఆయన చేతిలో ఉండేది. "మా తావ ఏమీ తెరిచి లేదు, ఊరికే సుమ్నే తిరగొద్దండి" అన్నాడు. రేవతి ఆయన ముందే తన సెల్లులో మూడు తెరిచి చూపించింది. ఆయన సెల్లు వైపు చూసి, "ఇవి మావేనా?" అన్నాడు. అబద్ధం చెప్పలేదు ఆ మనిషి. నిజంగా తెలియదు. ఎప్పుడో ఎవరో తెరిచి, పని మానేసి వెళ్లిపోయారు. ఆ తలుపులకు కాపలా ఎవరూ లేరు, మూసేవాళ్లు అంతకన్నా లేరు.

పైనుంచి

అన్ని బ్రాంచులూ తిరిగాక నేను, మరి ఇప్పుడు ప్రతి బ్రాంచికీ ఒక ఉత్తరం రాద్దాం, ఇకమీద ఎవరూ తెరవకూడదని, అన్నాను. కాగితాల గది మనిషికి తోచేది ఉత్తరమే.

"ఉత్తరం మనిషి గుర్తుపెట్టుకోవాల" అంది రేవతి. "మనిషి మరిచిపోయినా నడిచే దారి కావాల."

అప్పుడు నాకు మా యార్డు చిన్న గేటు గుర్తొచ్చింది. మనుషులు నడిచే గేటు అది. ఎంత చెప్పినా తెరిచి వదిలేసి పోయేవాళ్లు, గేదెలు లోపలికి వచ్చేవి. నేను గేటుమనిషిగా ఉన్నప్పుడు పాత బ్రేకు డ్రమ్మునొకదాన్ని గొలుసుకు కట్టి వేలాడదీశాను. తోసి లోపలికి రాగానే ఆ బరువుకు గేటు తనంతట తానే మూసుకునేది. ఆ సంగతి చెప్పగానే రేవతి బల్ల మీద చెయ్యేసి కొట్టింది.

"అదే పెద్దనాయనా! పదకొండు గేట్లకూ ఆ డ్రమ్ము కట్టాల. అదీ ఒక్కో గేటు తావ కాదు, పైనుంచి."

ఆమె చేసింది ఇది. పదకొండు అకౌంట్లకూ పైన కంపెనీ మొత్తానికి ఒక పెద్ద అకౌంట్ ఉంటుంది. అక్కడ నిలబడి, ఏ అకౌంట్లోనూ ఏ బకెట్‌నూ బయటివాళ్లకు తెరవరాదు అని నియమం పెట్టింది. ఆ నియమం కాగితం మీద కాదు, కంప్యూటరులోనే ఉంటుంది. బ్రాంచిలో ఎవరైనా తెలియక తెరిచే మీట నొక్కినా తెరుచుకోదు. కొన్ని పాత అకౌంట్లలో ఈ అడ్డును తీసేసే అధికారం మేనేజర్లకు ఇంకా ఉండేది. అలా ఎవరైనా తీసేస్తే, ఆ సంగతి పసిగట్టి కొద్ది నిమిషాల్లో అడ్డును మళ్లీ పెట్టే ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. రేపు పన్నెండో అకౌంట్ తెరిచినా పుట్టిన వెంటనే దానికి తాళం పడుతుంది. ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. ఎవరు ఎప్పుడు తీయబోయారో నాకూ ఆమెకూ మెసేజ్ వస్తుంది.

ఇదంతా అన్ని బ్రాంచులకూ వేసే ముందు తిమ్మారెడ్డిగారి ముందు కూర్చుని చెప్పింది. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు.

"నా హెడ్డాఫీసు అకౌంటుకు కూడా పడతాదా?"

"మీదానికే మొదట వేసినా సార్. పొద్దున్నే."

ఆయన ఒక క్షణం ఆమె వైపే చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "చూడరా ఈరా, ఇట్లాంటోళ్లను పదేండ్ల కిందట పట్టుకొచ్చుంటే మనం గాడిదలం కాకుండా పోయుండేటోళ్లం" అన్నారు.

కూరెకుప్పలో దయ్యం

తాళం పడిన వారానికి, మధ్యాహ్నం భోజనం ముగించి కూర్చున్నాను. మెసేజ్ వచ్చింది. కూరెకుప్ప అకౌంట్లో ఎవరో అడ్డు తీశారు, మళ్లీ పెట్టబడింది. ఐదు నిమిషాలకు ఇంకొకటి. మళ్లీ ఇంకొకటి. నాలుగోసారి తర్వాత ఫోను మోగింది. మంజునాథ.

"ఈరన్నా, ఈడ కంప్యూటరుకు దయ్యం పట్టిందిరా!"

"ఏమాయ సార్?"

"నేను తెరుస్తాండా, అది మూస్తాండాది. తెరుస్తాండా, మూస్తాండాది! సరుకు పోయే ఫ్యాక్టరీ వాళ్లకు బండ్ల ఫోటోలు పంపల్ల. లింకు ఇస్తే వాళ్లకు తెరుచుకోలేదంటాండారు."

"దయ్యం కాదు సార్. మన రేవతమ్మ."

"అయితే దయ్యమే!"

గదిలో ఉన్న రేవతికి ఆ గొంతు వినపడింది. నా చేతిలోంచి ఫోను తీసుకుంది. నేను పోట్లాట అవుతుందనుకున్నాను. "సార్, ఫోటోలు ఎవరు చూడాల, ఎన్ని రోజులు చూడాల?" అని అడిగింది. ఒక్క మనిషి, ఈ సాయంత్రం దాకా చూస్తే చాలని ఆయన అన్నాడు. సాయంత్రం దాకా మాత్రమే పనిచేసి తర్వాత తానే చచ్చిపోయే లింకు తయారుచేసి పంపింది. ఫ్యాక్టరీవాళ్లు ఫోటోలు చూసుకున్నారు. బకెట్ మూసే ఉంది.

మంజునాథ ఊరుకోలేదు. బావగారి దగ్గరికి పోయి, తన బ్రాంచికి మాత్రం మినహాయింపు కావాలన్నాడు. తిమ్మారెడ్డిగారు నా ముందే ఆయనకు జవాబు చెప్పారు. "నాకే లేదు మంజూ. నీకు యాడ్నుంచి తెచ్చియ్యల్ల?" ఆ తర్వాత ఆయనే అందరికంటే ఎక్కువగా ఆ గడువు లింకులు వాడాడు. ఇది ఆయన మంచి గుణం. అలిగినా పని నేర్చుకుంటాడు.

ఆమె తప్పు

రేవతిని పొగుడుతున్నాను కదా అని ఆమె తప్పు చేయలేదనుకోకండి. చేసింది. మా కంపెనీ వెబ్‌సైటులో లారీల బొమ్మలు, డ్రైవర్లు కావలెను అన్న ప్రకటన ఉండేవి. అవి లోకమంతా చూడవలసినవే. అవి ఉన్న బకెట్ వర్క్‌షాపు అకౌంట్లో ఒక మూల ఉందని ఆమె జాబితాలో పడలేదు. తాళం పడిన పొద్దున వెబ్‌సైటు బోడిగా మిగిలింది. బొమ్మల స్థానంలో తెల్ల గళ్లు.

ఇంకెవరైనా అయితే పాత కాంట్రాక్టరు మీద తోసేసేవాళ్లు. అడగడానికి ఆయన ఎలాగూ ఇక్కడ లేడు. ఆమె ఆఫీసులోని పలక మీద, "వెబ్‌సైటు బొమ్మలు పోయినాయి. తప్పు నాది. మధ్యాహ్నానికి వస్తాయి" అని రాసి తన పేరు పెట్టింది. మధ్యాహ్నానికి తెచ్చింది కూడా. బహిరంగంగా ఉండవలసినవాటికి వేరే అకౌంట్ ఒకటి ప్రత్యేకంగా పెట్టి, దాంట్లో మనుషుల వివరాలు ఒక్కటీ ఉండకూడదని కట్టడి చేసింది. ఆ ఒక్క మినహాయింపు కాగితం మీద రాయించి, నా చేత సంతకం పెట్టించింది. మూడు నెలలకొకసారి నేను మళ్లీ చూసి, ఇంకా అవసరమా అని అడిగి, మళ్లీ సంతకం పెట్టాలి. నేను రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. కొత్తగా వచ్చినవాళ్లు కూడా తప్పొద్దు. చూడకుండా సంతకం పెట్టడం తలుపు తెరవడంతో సమానం.

ఫిట్ అన్న ఒక్క మాట

ఇన్ని తాళాలు పడ్డా హొన్నూరప్ప ఇంకా బండి కడుగుతూనే ఉన్నాడు. అది నన్ను తినేసేది. రేవతికి చెప్పాను. డ్రైవర్ల రిపోర్టులు ఇకమీద ఎలా ఇవ్వాలన్నది ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. రిపోర్టు రాగానే ఆ డ్రైవరు సెల్లుకు మాత్రమే ఒక లింకు పోతుంది. పాస్‌వర్డు లేదు, నొక్కితే చాలు. కాసేపు పనిచేసి ఆగిపోతుంది. మళ్లీ కావాలంటే ఆ సెల్లు నుంచే ఒక మిస్డ్ కాల్ ఇస్తే మళ్లీ వస్తుంది. చదువు రాకపోయినా మిస్డ్ కాల్ ఇవ్వడం అందరికీ వచ్చు. ఏ బండి ఎవరెక్కాలో రాసే లోడింగ్ బోర్డుకు మాత్రం డాక్టరు చెప్పిన ఒక్క మాటే పోతుంది: ఫిట్, లేదా ఇంకా కాదు. ఇంకేమీ పోదు.

"మరి నాకు?" అని అడిగాను.

"మీకెందుకు పెద్దనాయనా?"

కాగితాల గది పెద్దకు కాగితం కనపడదా అని నాకు కొంచెం గుచ్చుకుంది. ఆలోచిస్తే ఆమె అడిగిందే సరి. నాకెందుకు?

హొన్నూరప్ప మందుల కోర్సు ముగిసింది. చివరి పరీక్షకు పోయి వచ్చాడు. రిపోర్టు వచ్చిన రోజు సెల్లు పట్టుకుని నా గది ముందునుంచి పోతున్నాడు. చాలా నెలల తర్వాత ఆగి నా వైపు చూశాడు. నా చెయ్యి తనంతట తానే కళ్లజోడు మీదికి పోయింది.

"నీకు వద్దులే ఈరన్నా. మా సరోజ చదువుతాది" అన్నాడు. సరోజ ఆయన భార్య. ఆయన నవ్వలేదు, కోపంగానూ అనలేదు. ఇంటికి పోయాడు.

రెండోరోజు పొద్దున లోడింగ్ బోర్డు మీద దూరపు ట్రిప్పుల వరుసలో ఆయన పేరు ఉంది. పక్కన ఫిట్ అని ఉంది. రెండో డ్రైవరు పేరు ఉండవలసిన గడి ఖాళీగా ఉంది. బండికి సరుకు ఎక్కించేశారు. మధ్యాహ్నంలోగా జోడీ దొరకకపోతే బండిని ఇంకొకరికి ఇస్తానని మేస్త్రీ చెప్పాడు. హొన్నూరప్ప క్యాబిన్ తలుపు తెరిచి, మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

బసవరాజు నా గదికి వచ్చాడు. బ్యాగు భుజాన ఉంది.

"ఏమొచ్చిందప్పా రిపోర్టు?"

"నాకు తెలీదు."

"కాగితాల గదిలో కూర్చుంటాండావు, నీకు తెలీదంటే ఎవరు నమ్ముతారు?"

"నమ్మకుంటే నువ్వే కూర్చుని చూడు." కుర్చీలోంచి లేచాను. అతను కంప్యూటరు వైపు చూశాడు, కూర్చోలేదు. "చూద్దామన్నా రాదు బసవా. తిమ్మారెడ్డిగారు వచ్చి అడిగినా రాదు. బోర్డు మీద ఫిట్ అని ఉండాది. మనకు తెలియాల్సింది అదే."

"మరి నేను ఎక్కాల్నా, వద్దా?"

"నన్ను యాల అడుగుతాండావు? ఆయప్ప ఆడ కూర్చోనుండాడు. పోయి అడుగు."

"ముఖం చెల్లదప్పా."

"నాకూ చెల్లలేదు. అయినా నేను పోయినా."

అతను బ్యాగు భుజం మీదికి సర్దుకున్నాడు. తర్వాత యార్డులోకి నడిచాడు. నేను కిటికీ దగ్గరికి పోయాను. బసవరాజు పోయి మెట్టు ముందు నిలబడ్డాడు. ముందు అతనే ఏదో అన్నాడు, తల వంచుకుని. హొన్నూరప్ప చేతిగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మాట్లాడడం మొదలుపెట్టాడు, చాలాసేపు. ఆ మనిషి అంతసేపు మాట్లాడడం నేను ఎన్నడూ చూడలేదు. మధ్యలో ఒకసారి సెల్లు తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు, చూపించలేదు. ఒకసారి వేలితో ఛాతీ మీద కొట్టుకుని చూపాడు. పక్క బండి ఇంజను మోతలో నాకు ఒక్క ముక్క వినపడలేదు. కిటికీ తలుపు తోసి వినొచ్చు. తోయలేదు.

ఏం చెప్పాడో, ఎంత చెప్పాడో, ఏది దాచుకున్నాడో ఆయనకే తెలుసు. బసవరాజు భుజం మీది బ్యాగు తీసి క్యాబిన్‌లోకి విసిరాడు.